విన్నమాట, అన్నమాట

అబ్రేమసో దొర నానా అంపెం కొలువులో ఎవరితోనూ నేరుగా మాట్లాడరు. ఆయన లోగొంతుకతో అన్న మాట ముందుగా పక్కన నిలిచిన ఒచెయామె అనే వాగ్దూత చెవిన పడాలి. ఆ ఒచెయామె దానిని సభకు వినిపించాలి. దొరకు విన్నవించుకోదలచినవాడు సైతం, ఎంతటివాడైనా సరే, తన మాటను ఒచెయామెకు అప్పగించవలసిందే. ఆ పదవికి గుర్తు, కొసన బంగారు రేకు తొడిగిన చేతికర్ర. యావ్ తబిరి ఆ కర్ర పట్టి ముప్పై ఏళ్లు దాటింది.

విన్నది విన్నట్టు అప్పజెప్పే ఒచెయామెను ఆ సీమలో ఎవరూ లెక్కచేయరు. దొర "ఒంట్లో బాగాలేదు, రేపు రమ్మను" అని గొణిగితే, తబిరి కర్ర ముందుకు చాచి, "ఈ ఉదయం మహావృక్షం మంచు బరువుకు కొమ్మలు వంచింది. ఎండపొడ తగిలి ఆకు విప్పగానే తన నీడకు మిమ్మల్నందరినీ పిలుస్తుంది" అనేవాడు. వచ్చిన పని కాకపోయినా జనం తృప్తిగా తిరిగి వెళ్లేవారు. చుట్టుపక్కల దొరలు తమ ఇళ్లలో ఏ కార్యం జరిగినా, తబిరి వస్తున్నాడా అని అడిగి మరీ కుర్చీలు వేయించేవారు.

అటువంటి తబిరి కిందటి వానాకాలంలో ఒక పొరపాటు చేశాడు.

అబ్రేమసోకూ, పొరుగూరు బెటెన్సేకూ నడుమ నూనెతాటి తోపు ఒకటి ఉన్నది. అది ఎవరిదన్న తగవు తాతలనాటిది. "వానలు వెలిశాక కూర్చుని మాట్లాడుకుందాం" అని చెప్పి రమ్మని నానా అంపెం తబిరిని పంపారు. తబిరి వెళ్లి, నిండు సభలో, స్నేహాన్ని గురించీ వానను గురించీ ఇరుగుపొరుగుల అనుబంధాన్ని గురించీ చాలాసేపు మాట్లాడి, చిట్టచివరకు తోపు బెటెన్సేదేనని ఒప్పుకుని వచ్చాడు. మరునాటి ఉదయం బెటెన్సే కుర్రకారు కత్తులు పట్టుకుని గెలలు కోయడానికి దిగారు. ఆ మాటను వెనక్కు తీసుకోవడానికి నానా అంపెం ఒక పొట్టేలును పంపి క్షమాపణ చెప్పించవలసి వచ్చింది. తోపు ఇచ్చివేసినట్టు తబిరికి జ్ఞాపకం లేదు. సభ చప్పట్లు కొట్టడం మాత్రం బాగా జ్ఞాపకం.

దొర ఇంటి వ్యవహారాలు చూసే అడుసే అనే పెద్దమనిషి ఈ సంగతిని వదలలేదు. లోపలి గదిలో, పెద్దలు నలుగురే ఉన్న వేళ, తబిరి ఎదుటనే ఎత్తాడు. ఆ గదిలో మర్యాదలు కొంత సడలుతాయి; అక్కడ దొర నేరుగానే మాట్లాడతారు.

"మా ఒచెయామె మాట తేనే. కాదన్నదెవరు? తేనె ఇచ్చి రమ్మంటే తోపు ఇచ్చి వచ్చాడు. అదే నా బాధ," అన్నాడు అడుసే.

"ఒక్కసారి జరిగింది," అన్నారు దొర.

"ఒక్కసారి మనకి తెలిసింది, నానా."

తబిరి నవ్వడానికి ప్రయత్నించాడు. "అడుసే, పోయిన నెల నీ మేనకోడలి పేరు నువ్వే మరిచిపోయావు."

"మరిచిపోయాను. కానీ దాన్ని పక్కూరికి రాసివ్వలేదుగా!"

పెద్దలు నవ్వారు. దొర నవ్వలేదు. కుమాసీ పట్నంలో ఒక పరిశోధనాలయం మధుమేహం ఉన్నవాళ్ల మెదడుకు చిత్రాలు తీసి, మతిమరుపుకూ ఆ జబ్బుకూ ఉన్న సంబంధం వెతుకుతున్నదని ఆయన విన్నారు. తబిరికి మధుమేహం వచ్చి చాలా ఏళ్లయింది. ఆయన తీర్పు చెప్పారు: తబిరి అక్కడికి వెళ్లాలి. కొత్త పెండలం పండుగలోగా డాక్టరు మాట కొలువుకు చేరాలి. తల బాగుందంటే కర్ర తబిరి దగ్గరే ఉంటుంది. లేదంటే చిన్న ఒచెయామె బోవాదికి వెళుతుంది.

"బోవాది మంచివాడే," అన్నాడు తబిరి ఇంటికి వచ్చి, భార్య దుఫియేతో. "కానీ అతను మాట్లాడుతుంటే మేకలు కూడా ఆవులిస్తాయి."

"మేకల సంగతి తర్వాత. రేపు పొద్దున్న గంజిలో చక్కెర అడగవు కదా?" అన్నది దుఫియే.

"అడగను."

"నిన్న కూడా ఇదే అన్నావు. అన్నట్టు గుర్తుందా?"



*

డాక్టర్ బిరాగో నలభై దాటిన మనిషి. విదేశంలో చాలాకాలం చదివి వచ్చినా, పెద్దవాళ్ల ఎదుట కాలు మీద కాలు వేసుకోదు. తబిరిని కూర్చోబెట్టి, పెద్దవాళ్లను పిలిచే మర్యాదతో 'నానా' అంటూ, తమ పని ఏమిటో విప్పి చెప్పింది.

"షుగరు ఉన్నవాళ్లకి ముసలితనంలో అల్జైమర్స్ వచ్చే అవకాశం ఎక్కువని చాలా దేశాల్లో చూశారు, నానా. ఎందుకొస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు. మెదడు నడిచేదే చక్కెర మీద. మేం కొంచెం చక్కెరకి జాడ తెలిసే మందు కలిపి ఎక్కిస్తాం. మెదడులో ఏ భాగం తింటోందో, ఏది పస్తుంటోందో ఫోటోలో కనబడుతుంది."

"ఇన్నేళ్లుగా ఒంట్లో చక్కెర ఎక్కువైందని తిట్టారు. ఇప్పుడు మీరే ఎక్కిస్తారా?"

"చిటికెడే, నానా. మీ ఆవిడకి చెప్పొద్దంటే చెప్పను."

"ఆవిడ బయటే కూర్చుంది. తలుపు అవతల నుంచి కూడా వింటుంది."

ఆమె నవ్వి, చిత్రానికి ముందు జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి ఉన్నదని చెప్పింది. తాను ఒక చిన్న కథ చెబుతుంది. అతడు దానిని తిరిగి చెప్పాలి. కథ ఇది: అడ్వోవా అనే ఆవిడ మార్కెట్లో టమాటాలు అమ్ముతుంది. మంగళవారం బండిలో ఇంటికి వెళుతుంటే ఆమె సంచీ పోయింది. అందులో పిల్లల బడి ఫీజూ, ఒక జత చెప్పులూ ఉన్నాయి. డ్రైవరు ఆ సంచీ చూసి పోలీసు స్టేషన్లో ఇచ్చాడు.

తబిరి గొంతు సవరించుకున్నాడు. చేతిలో కర్ర లేకపోయినా చేయి దానంతట అదే ముందుకు సాగింది.

"ఎర్రని పంటకు తల్లిలాంటి ఒక ఇల్లాలు, సాయంకాలపు దుమ్ములో, బిడ్డల భవిష్యత్తును ఒక సంచీలో మోసుకుని ఇంటి దారి పట్టింది. దారి దొంగది; ఆ భవిష్యత్తును మింగేసింది. ఆమె ఏడ్చింది. ఆమె ఏడుపు విని ఊరు ఏడ్చింది. అప్పుడు చక్రం పట్టిన ఒక నిజాయితీపరుడు..." అని మొదలుపెట్టి, ఆ నిజాయితీపరుడి తల్లినీ, ఆమె పెంపకాన్నీ పొగిడి, సభ చప్పట్లు కొట్టవలసిన చోట ఆగాడు.

బిరాగో చప్పట్లు కొట్టలేదు. కాగితం మీద కలం చాలా తక్కువసార్లు కదిలింది.

"ఎన్ని మార్కులు, డాక్టరమ్మా?"

"కథ చాలా బాగుంది, నానా. కానీ నేను చెప్పిన కథలో ఊరు ఏడవలేదు."

"మీరు చెప్పకపోవచ్చు. ఏడ్చే ఉంటుంది."

"మంగళవారం? చెప్పులు? పోలీసు స్టేషన్?"

"అవి ఎముకలు. ఎముకల్ని సభలో పెడితే సిగ్గుచేటు. ఒచెయామె ఎవరి మాటనైనా ఉన్నదున్నట్టు చెబితే, ఇక మనిషెందుకు? చిలకని పెట్టుకోవచ్చు."

ఆమె కలం కింద పెట్టింది. ఆమె అమ్మమ్మగారి ఊరిలోనూ ఒక ఒచెయామె ఉండేవాడు. చిన్నప్పుడు అతడి మాట విన్నది. ఎక్కడో దూరదేశంలో తయారైన పరీక్ష అది. దానిని తయారుచేసినవారికి ఇటువంటి మనిషి తటస్థపడి ఉండడు. "తప్పు పరీక్షది కావచ్చు. మీది కాకపోవచ్చు," అన్నది.

తబిరికి ప్రాణం లేచి వచ్చింది. ఆ మాటనే కొలువుకు పంపవచ్చు కదా అని కూడా అనుకున్నాడు.

"అందుకని ఇంకోలా చేద్దాం. ఇప్పుడు మీరు ఒచెయామె కాదు. ప్రమాణం చేసి బోనెక్కిన సాక్షి. సాక్షి ఏం చేస్తాడు, నానా?"

"చూసింది చూసినట్టు చెబుతాడు. ఒక్క మాట ఎక్కువైనా జరిమానా."

"అంతే. అలా చెప్పండి."

ఆమె ఇంకొక కథ చెప్పింది, బోసుంత్వి చెరువు మీద పలక తెప్ప వేసుకుని వెళ్లిన జాలరిది. తరువాత అతడి చేత గడియారం బొమ్మ వేయించింది. కొన్ని అంకెలు వెనక నుంచి చదివించింది. ఆపై, "ఇందాకటి జాలరి కథ చెప్పండి," అన్నది.

తబిరి నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం మొదట ఒక ఉపమానం వచ్చింది. సాక్షికి ఉపమానాలు కూడవని దానిని పక్కకు నెట్టాడు. దాని వెనక ఇంకొకటి ఉన్నది, దానినీ నెట్టాడు. ఆ రెండింటి వెనక ఏమీ లేదు. మూతలు తీసినకొద్దీ మూతలే ఉండి, అడుగున గిన్నె లేనట్టు తోచింది. ఇన్నేళ్లుగా తాను అలంకారాలతో మాటకు సింగారం చేస్తున్నాననుకున్నాడు. మాట జారిపోయిన చోటును వాటితో పూడుస్తున్నానన్న సంగతి ఎప్పటి నుంచి నిజమో అతడికి తెలియలేదు.

"ఒక మనిషి," అన్నాడు చివరకు. "నీళ్లు ఉన్నాయి."

బిరాగో ఎదురుచూసింది.

"మీ రెండో కథ మొదటిదంత బాగాలేదు, డాక్టరమ్మా," అన్నాడు తబిరి. ఆమె నవ్వలేదు, తల ఊపి ఏదో రాసుకున్నది.

ఇంటికి వెళ్లే బండిలో అతడు భార్యతో ఎక్కువ మాట్లాడలేదు. పరీక్ష మాటలతో కూడినది కాబట్టి మోసం చేసి ఉంటుందనీ, యంత్రం అలా చేయదనీ తనకు తాను చెప్పుకున్నాడు. యంత్రానికి ఒచెయామె ఎవరో, సాక్షి ఎవరో తెలియదు. ఉన్న తలను ఉన్నట్టు చూస్తుంది. అతడి ఆశ అంతా ఇక చిత్రం మీదనే నిలిచింది.

*

చిత్రం తీసే రోజున పరగడుపున వెళ్లాడు. వేలిలో సూది గుచ్చి చూసి, చక్కెర హద్దులోనే ఉన్నదన్నారు. జాడ మందు కలిపిన చక్కెరను నరంలోకి ఎక్కించి, మసక వెలుతురు గదిలో పడుకోబెట్టారు. నర్సు గట్టిగా చెప్పింది: "ఆ చక్కెర మెదడులో సర్దుకునేదాకా మాట్లాడకూడదు, నానా. మాట్లాడితే మాట్లాడే భాగం దాన్నంతా లాగేసుకుంటుంది. పెదవి కూడా కదపొద్దు. నేను వచ్చి లేపుతాను."

తబిరి పెదవులు బిగించి పడుకున్నాడు. కొంతసేపటికి రెండో మంచం మీదకు ఒక ముసలాయనను తెచ్చి పడుకోబెట్టారు. ఆయన సర్దుకుని, పక్కన మనిషి ఉన్నట్టు గమనించి, పద్ధతి ప్రకారం పొద్దుటి నమస్కారం చెప్పి పలకరించాడు.

"మాచే, పెద్దాయనా!"

పలకరింపునకు పలకకుండా ఉండడం అబ్రేమసోలో శత్రువు కూడా చేయని పని. తబిరి పలికాడు. ఆయన ఇంటివాళ్ల క్షేమం అడిగాడు. తబిరి చెప్పి, తిరిగి ఆయన ఇంటివాళ్ల క్షేమం అడిగాడు. ఆయనది ఏ ఊరో, తల్లి తరఫు వాళ్లు ఎవరో తేలేసరికి, ఇద్దరికీ దూరపు చుట్టరికం బయటపడింది. చుట్టరికం బయటపడ్డాక ఊరుకోవడం ఇంకా తప్పు.

చిత్రం తీసిన తరువాత బిరాగో తెర వంక చూసి, అతడి వంక చూసింది.

"నానా, గదిలో మాట్లాడారా?"

"లేదు."

"నర్సు విన్నానంటోంది."

"ఆయన పలకరించాడు. నేను పలికాను. దాన్ని మాట్లాడ్డం అనరు."

"మెదడుకి ఆ తేడా తెలీదు, నానా."

"అయితే దానికి పెంపకం సరిగ్గా లేదన్నమాట."

"ఇక్కడ చూడండి. ఎడమ పక్కన మాట పుట్టే చోటు ఎలా వెలిగిపోతోందో. ఈ ఫోటో మిగతావాళ్లవాటితో పోల్చడానికి పనికిరాదు. మళ్లీ తీయాలి."

వెలిగిపోతోందన్న మాట తబిరి చెవికి ఇంపుగా తగిలింది. మిగిలినది అంతగా వినలేదు.

కొన్ని వారాల తరువాత మళ్లీ వెళ్లాడు. ఈసారి దుఫియే గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నది. వచ్చేపోయేవాళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా లోపలికి తొంగిచూస్తే, "ఆయనని పలకరించకండి, ఇంజెక్షన్ చేశారు. నన్ను పలకరించండి," అని అక్కడే ఆపింది. నర్సుతో, "ఒక అరగంట నోరు మూయించే మందు ఉందని తెలిస్తే పెళ్లినాడే అడిగేదాన్ని. కుమాసీ ఇంత దగ్గర, నాకెవరూ చెప్పలేదు," అని వాపోయింది.

లోపల తబిరి కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా పడుకున్నాడు. ఇంతసేపు మాట లేకుండా మేలుకుని ఉండటం అతడి జీవితంలో అదే మొదలు. చేయడానికి ఏమీ లేక, బెటెన్సే సభలో తాను అన్న మాటలను ఒక్కొక్కటిగా తవ్వుకోవడానికి ప్రయత్నించాడు. చప్పట్లు దొరికాయి. దొర తనకు చెప్పి పంపిన కబురు దొరకలేదు.

*

ఫలితం చెప్పడానికి బిరాగో రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టింది. ఎర్రగా, పసుపుగా ఉన్నది బాగా తింటున్న చోటు. నీలంగా ఉన్నది తక్కువ తింటున్న చోటు. మొదటి చిత్రంలో మాట చోటు భగ్గుమంటున్నది. రెండో దానిలో అది నెమ్మదించింది. కాని వెనక వైపున, లోపలగా ఉన్న భాగం రెండింటిలోనూ నీలంగానే ఉన్నది.

"ఇది విన్నదాన్ని దాచి, మళ్లీ తీసి ఇచ్చే పనిలో ఉంటుంది, నానా. ఇది ఆకలితో ఉంది."

"ఒళ్లంతా చక్కెర పెట్టుకుని ఆకలేమిటమ్మా?"

"కొట్టు నిండా పెండలం ఉంది. వంటింట్లోకి మోసేవాడు పనిలోకి రావడం లేదు. పొయ్యి ఖాళీగా ఉంది. అలాంటిదే."

"మోసేవాణ్ని చక్కెర జబ్బు చంపిందా? అల్జైమర్స్ చంపిందా?"

"అదే మేం వెతుకుతున్నది. రెండింటికీ ఇదే చోటు నీలంగా కనబడుతుంది. ఇద్దరూ కలిసి చేస్తున్నారేమో కూడా తెలీదు. మీ ఒక్కరి ఫోటో చూసి చెప్పలేను. ఏటా మీరు రావాలి, ఇంకా చాలామంది రావాలి. ఈలోగా చక్కెర అదుపులో ఉంచుకోండి, నడవండి. ఇది ఇంకా మొదట్లోనే ఉంది. మాట బాగుంది, నడక బాగుంది, మనుషుల్ని గుర్తుపడుతున్నారు. విన్నది నిలవడం లేదు, అంతే."

అంతే అన్న మాట తబిరికి చాలా పెద్దదిగా వినిపించింది. విన్నది నిలవని ఒచెయామె దేనికి? కొంతసేపు రెండు చిత్రాలనూ చూసి, మెల్లగా అన్నాడు: "డాక్టరమ్మా, మా దొరకి కబురు పంపాలి కదా. మాట చోటు వెలిగిపోతోందని చెప్పి పంపండి. అది అబద్ధం కాదుగా."

"సగం నిజం."

"నా వృత్తి అదే, తల్లీ. మంచి సగాన్ని ముందు పెట్టడం."

"నేను మీ చేత పంపితే ఆ సగమే చేరుతుంది. మీరు ఒప్పుకుంటే నేనే వస్తాను. మీరు వద్దంటే ఎవరికీ ఏమీ చెప్పను. ఇది మీ తల, మీ ఇష్టం."

తబిరి ఆలోచించాడు. డాక్టరు మాట రాకపోతే కర్ర ఎలాగూ పోతుంది. వస్తే ఏమౌతుందో తెలియదు. "రండి," అన్నాడు. ఆ వెంటనే అతడికి ఒక సంగతి తట్టి, పెద్దగా నవ్వాడు. "వచ్చి ఏం చేస్తారు? మా దొరతో నేరుగా మాట్లాడతారా?"

బిరాగో నుదురు కొట్టుకున్నది. ఆచారం ఆమెకు తెలియనిది కాదు. దూరదేశంలో ఉండి మరిచిపోయింది. ఆమె ఏం చెప్పినా సభకు చేరేది ఒచెయామె నోటి గుండానే.

"ఉన్నదున్నట్టు చెబుతారా, నానా?"

"మీరు చెప్పండి. నేను చెబుతాను," అన్నాడు తబిరి. ఆ జవాబు ఎటువైపుదో ఆమెకు తేలలేదు, అతడికీ తేలలేదు.

*

పండుగకు ముందు కొలువు తీరిన రోజున ఆమె వచ్చింది. గొడుగు కింద నానా అంపెం, ఇరువైపులా పెద్దలు, ముందు ఊరు. తబిరి కర్ర పట్టుకుని దొర పక్కన నిలుచున్నాడు. అడుసే లేచాడు.

"ఎవరి తల గురించి మాటో ఆ తలే ఆ మాటని మోయడం ఎక్కడైనా ఉందా? ఇవాళ్టికి బోవాదిని నిలబెట్టండి."

దొర తబిరి చెవిలో ఏదో అన్నారు. తబిరి సభ వైపు తిరిగి, "కర్ర ఎవరి చేతిలో ఉందో వాళ్లే మాట్లాడతారని దొరవారి మాట," అన్నాడు. అడుసే కూర్చున్నాడు.

బిరాగో చిన్న చిన్న మాటలుగా చెప్పింది. తాను రాత్రంతా వాటిని చిన్నవి చేస్తూ కూర్చున్నట్టు ఆమె ముఖమే చెప్పింది.

"ఒచెయామె గారి మెదడుకి ఫోటో తీశాం."

"ఒచెయామె మెదడుకి ఫోటో తీశారట," అన్నాడు తబిరి.

సభ తరువాతి ముక్క కోసం చూసింది. తరువాతి ముక్క లేదు.

"మాట్లాడే చోటు బాగుంది."

"మాట్లాడే చోటు బాగుందట." ఇక్కడ ఆగిపోవచ్చు. ఇక్కడ ఒక నది, ఒక సింహం, వేకువజాము, మూడూ నాలుక మీదకు సిద్ధంగా వచ్చాయి. తబిరి వాటిని మింగి ఆమె వైపు తిరిగాడు.

"విన్నది దాచుకునే చోటు పస్తుంటోంది."

"విన్నది దాచుకునే చోటు పస్తుంటోందట."

"అది చక్కెర జబ్బు వల్లో, అల్జైమర్స్ వల్లో ఇంకా తెలీదు."

"అది దేనివల్లో ఆమెకి ఇంకా తెలీదట."

"ఇప్పుడే విన్నమాట ఇప్పుడే చెప్పగలరు. దూరం మోయలేరు."

తబిరి ఆ మాటను ఒక క్షణం నోటిలోనే ఉంచుకున్నాడు. "ఇప్పుడే విన్నమాట ఇప్పుడే చెప్పగలనట. దూరం మోయలేనట."

వెనక వరుసలో ఒక ముసలామె పక్కామెతో, "ఒచెయామెకి జ్వరమేమో. బడిపిల్లాడిలా అప్పజెబుతున్నాడు," అనడం ముందు వరుస దాకా వినిపించింది.

"ఇంతేనా?" అన్నాడు అడుసే.

"ఆమె చెప్పింది ఇంతే," అన్నాడు తబిరి.

నానా అంపెం తల వంచి, తబిరి చెవిలో చాలాసేపు మాట్లాడారు. అటువంటి మాటకు సభ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. ఆయన ముగించారు. తబిరి నిటారుగా నిలిచి, కర్ర ముందుకు చాచి, సభ వైపు తిరిగాడు. ఆ తిరగడంలోనే మాట పోయింది. బోవాది పేరు వినబడినట్టున్నది. పండుగ అన్నారో, అనలేదో. దాని స్థానంలో ఒక వాక్యం, చక్కగా తీర్చినది, మొదలూ తుదీ ఉన్నది, అప్పటికే పెదవుల వెనక నిలిచి ఉన్నది. దొర మాటను విన్నవాడు ఇంకొకడు లేడు. ఏది చెప్పినా అదే దొర మాట అవుతుంది. ఎంతటి దొర అయినా నిండు సభలో తన ఒచెయామెను కాదనడు.

తబిరి కర్ర వెనక్కు తీసుకున్నాడు. దొర వైపు తిరిగి, అందరికీ వినిపించే గొంతుతోనే, "నానా, మరిచిపోయాను. ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

కొలువు బిగుసుకుపోయింది. దొర ఒచెయామెకు రెండుసార్లు చెప్పడం అక్కడ ఎవరూ చూడలేదు. అడుసే సగం లేచి, ఎందుకు లేచాడో తెలియనట్టు మళ్లీ కూర్చున్నాడు. బిరాగో నేల చూపులు చూసింది.

నానా అంపెం కొంతసేపు తబిరి ముఖంలోకి చూశారు. తరువాత మళ్లీ తల వంచారు. ఈసారి వాక్యాలు చాలా పొట్టివి.

తబిరి సభ వైపు తిరిగాడు. "దొరవారి మాట. ఊరు దాటి కబురు మోసే పని ఈ రోజు నుంచి బోవాదిది. కొలువులో పక్కన నిలిచే పని తబిరిది. మరిచిపోతే అడుగుతాడు. అడిగితే చెబుతాను. మరిచిపోయి కూడా అడగని రోజున కర్ర తీసుకుంటాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో ఆ మాటలో వాళ్లకు దొరకలేదు. బోవాది వచ్చి తబిరి ముందు వంగి, "ఒచెయామె, దారిలో పొరపాటు పడితే నన్ను తిట్టండి," అన్నాడు.

"తిడతాను," అన్నాడు తబిరి. "తిట్టడం ఇంకా మరిచిపోలేదు."

ఆ తరువాత అబ్రేమసో కొలువు కొంత మారింది. నానా అంపెం చిన్న చిన్న వాక్యాలలో మాట్లాడటం నేర్చుకున్నారు. ఆయనకు అది మొదట కష్టంగానే ఉండేది. ఊరి తగవులు మధ్యాహ్నం కాకుండానే తేలిపోయేవి. మాట సొగసు వినడానికి దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. తగవు తీర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గలేదు. తబిరి మరుసటి ఏడు మళ్లీ కుమాసీ వెళ్లి, నోరు మూసుకుని పడుకుని, చిత్రం తీయించుకున్నాడు. నీలం కొంచెం పెరిగిందని బిరాగో చెప్పింది, అతడు అర్థమైందన్నాడు.

కొలువులో మొదట ఎప్పుడో ఒకసారి అడిగేవాడు. తరువాత వారానికి ఒకసారి. ఆపై దాదాపు ప్రతి మాటకూ తిరిగి, "నానా, ఇంకోసారి," అనేవాడు. దొర చెప్పేవారు. అలా అడిగినంత కాలమూ కర్ర అతడి చేతిలోనే ఉన్నది.